పానీయానికి పెట్టిన పేర్లు, మనిషికి పెట్టిన పేర్లు

ఆదిమానవుడైన ఆదమ్ (అలైహిస్సలామ్)కు వస్తువుల పేర్లు నేర్పిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ కురియుగాక. అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా!

మన యువకులలో కొందరు సగం నవ్వుతూ, సగం నిజంగానే ఒక ప్రశ్న అడుగుతున్నారు. దివ్య ఖుర్ఆన్ నిషేధించినది ‘ఖమ్ర్’ కదా, ఖమ్ర్ అంటే అరబ్బుల ద్రాక్షమద్యం కదా, మన పల్లెల్లో బెల్లంతో కాచే గుడుంబా అనే మాట ఖుర్ఆన్‌లో గాని, హదీసులో గాని ఎక్కడుంది అని. నవ్వుతూ అడిగిన ప్రశ్నకు కూడా సమాధానం చెప్పవలసిందే. ఎందుకంటే ఇది ఒక మాట గురించిన ప్రశ్న. మాటల విషయంలో నిర్లక్ష్యం మన ఇళ్లలో ఎంత నష్టం తెచ్చిందో ఈరోజు కొంచెం వివరంగా ఆలోచిద్దాం.

ముందు ఆ మాటనే చూద్దాం. తెలంగాణలో ఉర్దూ మాట్లాడే ఇంట్లోనూ, తెలుగు మాట్లాడే ఇంట్లోనూ మార్పు లేకుండా వినిపించే కొద్ది మాటలలో ‘గుడుంబా’ ఒకటి. మనం సంతోషించదగిన ఐక్యత కాదు గాని, ఐక్యతే. కోస్తా జిల్లాల్లో దీన్నే నాటుసారా అంటారు. ఉత్తరాది ఉర్దూలో ఠర్రా అంటారు. ఇప్పపూలతో కాచితే ఇప్పసారా. ఆబ్కారీ అధికారుల కాగితాల్లో ఇది ‘ఐడీ’. అంటే చట్టవిరుద్ధంగా బట్టీ పెట్టి దించినది అని అర్థం. ఉర్దూలో బెల్లాన్ని గుడ్ అంటాం, సంస్కృతంలో గుడం అంటారు. గుడుంబా అన్నప్పుడు ఆ బెల్లం చెవికి తగులుతూనే ఉంటుంది.

‘నాటు’ అనే మాటను గమనించండి. నాటుకోడి, నాటువైద్యం, నాటు విత్తనం. మన నేలది, మన పెద్దలది, కల్తీ లేనిది అనే ఆప్యాయత ఆ మాటలో ఉంది. సారాకు ముందు ఆ మాట చేరగానే ఆ ఆప్యాయత దానికీ అంటుకుంటుంది. ‘కాచడం’ అనే క్రియ కూడా అంతే. తల్లి పాలు కాచినా, బట్టీవాడు సారా కాచినా భాషలో అదే మాట. ఇక 2004లో ‘గుడుంబా శంకర్’ అనే చలనచిత్రం వచ్చింది. నేను చలనచిత్రాలు చూసేవాణ్ణి కాను, కాని గోడమీద అంటించిన పేరు దారిన పోయేవాడి కంట పడక మానదు. ఊరివాళ్లు పోలీసుల జీపు చప్పుడు వింటూ గుసగుసగా అనుకునే మాట అప్పుడు కథానాయకుడి పేరుగా మారి పిల్లల నోట ఆడింది.

సోదరులారా! పానీయానికి స్థానిక నామం ఉన్నంత మాత్రాన ధర్మాజ్ఞ దానికి వర్తించదా అనే ప్రశ్న మన యువకులు కొత్తగా కనిపెట్టినది కాదు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) యమన్ దేశానికి నియమితులై వెళ్లే సందర్భంలో, అక్కడి ప్రజలు తయారుచేసుకునే రెండు పానీయాల గురించి దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. ఒకటి తేనెతో చేసే ‘బిత్అ’, రెండవది యవలతో చేసే ‘మిజ్ర్’. రెండూ యమన్ వారి ఇళ్లలో పులియబెట్టుకునేవే, రెండూ ఆ ప్రాంతపు పేర్లే. దైవప్రవక్త (సఅసం) ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క తీర్పు ఇవ్వలేదు. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమేనని చెప్పారు. ఈ సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. గుడుంబాకు సమాధానం ఆ రోజే, ఆ యమన్ పానీయాలతో పాటే వచ్చేసింది.

మదీనా సంగతి కూడా వినండి. మద్యనిషేధం అవతరించిన రోజున హజ్రత్ అనస్ (రజి) తమ ఇంటి పెద్ద అబూ తల్హా (రజి) అతిథులకు పానీయం అందిస్తున్నారు. అది ద్రాక్షసారాయం కాదు. పచ్చి ఖర్జూరాలూ, ఎండు ఖర్జూరాలూ నలిపి పులియబెట్టిన ‘ఫదీఖ్’. మదీనాలో ద్రాక్షమద్యం అరుదని అనస్ గారే చెప్పారు. బయట ప్రకటన వినబడింది. మాది ఫదీఖ్, ఖమ్ర్ కాదు కదా అని ఒక్కరూ అనలేదు. పారబోయమన్నారు, పారబోశారు. మదీనా వీధుల వెంట అది ప్రవహించింది. అరబ్బీ వారి మాతృభాష, వారికి మాటల తేడాలు మనకంటే బాగా తెలుసు. అయినా మాట చాటున దాక్కోలేదు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఇదే విషయాన్ని మింబర్ మీద నిలబడి ప్రజలకు వివరించారు. ఖమ్ర్ అయిదు వస్తువులతో తయారవుతున్నదని, అవి ద్రాక్ష, ఖర్జూరం, తేనె, గోధుమ, యవలు అని చెప్పి, చివరకు బుద్ధిని కప్పివేసేదే ఖమ్ర్ అని తేల్చారు. అరబ్బీలో ఆ ధాతువుకు కప్పడమనే అర్థం ఉంది. స్త్రీలు తలపై కప్పుకునే వస్త్రాన్ని ‘ఖిమార్’ అంటారు. మన ఉర్దూలో పిండి పులియడానికి కలిపే ‘ఖమీర్’, మత్తు వదిలేవేళ కలిగే ‘ఖుమార్’ కూడా ఆ కుటుంబంలోని మాటలే. కాబట్టి ఖమ్ర్ అనేది ఒక పండు పేరు కాదు, ఒక పని పేరు. బెల్లపు ఊట ఆ పని చేస్తే అది కూడా ఖమ్రే.

ఇక్కడ చదువుకున్న సోదరుడొకరు, హనఫీ ఫిఖహ్‌లో ద్రాక్షరసంతో చేసినదానికీ, ఇతర మత్తు పానీయాలకూ కొన్ని తేడాలు చెప్పారు కదా అని అడగవచ్చు. నిజమే, ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) కాలంలో ఆ చర్చ సూక్ష్మంగా సాగింది. అయితే వారి శిష్యుడు ఇమామ్ ముహమ్మద్ గారి అభిప్రాయం మీదనే తరువాతి హనఫీ పండితులు ఫత్వా స్థిరపరిచారు. ఎక్కువ తాగితే మత్తెక్కించేది, కొద్దిగా తాగినా నిషిద్ధమే. మదర్సా పాఠంలోని సగం వాక్యాన్ని పట్టుకుని గ్లాసు ఎత్తేవారు మిగతా సగం కూడా చదవాలి.

తన అనుచర సమాజంలో కొందరు మద్యానికి వేరే పేరు పెట్టుకుని తాగుతారని దైవప్రవక్త (సఅసం) ముందే హెచ్చరించారు. అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాలలో ఈ హదీసు ఉంది. ఈ హెచ్చరికను దగ్గర పెట్టుకుని మన రెండు భాషలనూ వినండి. ‘షరాబ్’ అంటే అరబ్బీలో కేవలం తాగేది అని అర్థం. దివ్య ఖుర్ఆన్ అన్ నహ్ల్ సూరా 69వ వాక్యంలో తేనెటీగ కడుపునుండి వెలువడే పానీయాన్ని ఆ మాటతోనే ప్రస్తావించి, అందులో స్వస్థత ఉందని చెప్పింది. షర్బత్ కూడా ఆ మాట నుండి వచ్చిందే. అంత నిర్మలమైన మాటను ఉర్దూలో మనం తీసుకెళ్లి మద్యానికి తగిలించాం. ‘ఆల్కహాల్’ అనే మాటకు మూలం ‘అల్ కుహ్ల్’, అంటే కంటికి పెట్టుకునే సుర్మా. అది మెత్తని పొడికి, ఆపైన వస్తువునుండి తీసిన సారానికి పేరై, ఐరోపావారి చేతిలో చివరకు మద్యసారం దగ్గర స్థిరపడింది. ‘అరఖ్’ అంటే చెమట. బట్టీలో ఆవిరి చల్లబడి బొట్లు బొట్లుగా కారడం చూసి పెట్టిన పేరు. కూలివాడి చెమటతో వచ్చిన రూపాయి చివరకు ఆ చెమటలోకే పోతున్నదంటే మాటల పొందిక ఎంత కఠినంగా ఉందో చూడండి.

తెలుగులో దీనికి పెట్టిన పేరు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగిస్తుంది. ‘మందు’ అన్నారు! రోగం తగ్గించేదాన్నీ, రోగం తెచ్చేదాన్నీ ఒకే మాటతో పిలుస్తున్నారు. ‘ఆయన మందు మానేశాడు’ అంటే సంతోషించాలో, కంగారుపడాలో సందర్భం తెలిస్తే తప్ప అర్థం కాదు. హజ్రత్ తారిఖ్ బిన్ సువైద్ (రజి) దైవప్రవక్త (సఅసం) వద్ద మద్యం గురించి అడిగి, తాను దాన్ని ఔషధం కోసమే తయారు చేస్తున్నానని విన్నవించుకున్నారు. అది ఔషధం కాదు, అదే వ్యాధి అని వారు సమాధానమిచ్చారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు చదివినప్పుడల్లా, మన తెలుగు మాటను ముందే విని చెప్పినట్లు నాకు అనిపిస్తుంది.

ప్రభుత్వాలు కూడా పేర్లు పెట్టాయి. 1980లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారాను ప్యాకెట్లలో నింపి పల్లెపల్లెకూ పంపిన పథకానికి ‘వారుణి వాహిని’ అని పేరు. వినడానికి ఏదో నది పేరులా ఉంటుంది. ఆ నది ఏ ఇంటి పొయ్యిని ఆర్పిందో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చెప్పగలిగారు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆ తల్లులు 1992 నాటికి సారాను సారా అనే పిలిచి, సారా పాటలను అడ్డుకున్నారు. వారిలో వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండవది సడలిపోయిందనుకోండి. అంతకుముందు వేలంపాటలో కొని దుకాణంలో అమ్మిన సారా కూడా ఉండేది. నిషేధం తరువాత ఆ మాట దొంగచాటు బట్టీకే మిగిలింది. ఆ స్త్రీలలో అధికులు ముస్లిములు కారు. చెడును చెడు పేరుతో పిలవడంలో వారు మనకంటే ముందు నిలిచారని ఒప్పుకోవడానికి సిగ్గుపడనక్కరలేదు.

మారుపేరు ప్రాణం కూడా తీస్తుంది. నాటుసారాలో కొందరు దుర్మార్గులు పరిశ్రమల్లో వాడే మిథనాల్ కలుపుతారు. అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా మరణించారు. ఈ విషానికి చికిత్స ఉంది. విరుగుడు మందు ఉంది, డయాలిసిస్ ఉంది. కాని తొందరగా అందాలి. మన ఇళ్లలో జరిగేదేమిటి? మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తారు, పరువు పోతుందని ‘ఏదో తిన్నది పడలేదు డాక్టరుగారూ’ అంటారు. వైద్యుడు కడుపునొప్పికి చికిత్స మొదలుపెడతాడు. ఆ పోయిన గంటలు మళ్లీ రావు. వైద్యుడి ముందు గుడుంబా అనే మాట నోరు విప్పి చెప్పడం సిగ్గుమాలినతనం కాదు, ఒక ప్రాణాన్ని కాపాడే సాక్ష్యం. ఇంటి ఆడవారికి ఈ సంగతి తప్పక చెప్పండి, ఆ సమయంలో పక్కన ఉండేది వారే.

వర్తక సోదరులకు ఒక్క మాట. మద్యం విషయంలో దైవప్రవక్త (సఅసం) శపించినవారు పదిమంది. తాగేవాడు ఆ పదిమందిలో ఒక్కడు మాత్రమే. పిండేవాడు, మోసేవాడు, అమ్మేవాడు, దాని ధరను తినేవాడు తక్కినవారిలో ఉన్నారని తిర్మిజీ హదీసు చెబుతుంది. బెల్లం హలాల్. మేడారంలో మన హిందూ సోదరులు బెల్లాన్ని బంగారమని పిలిచి సమర్పించుకుంటారు. అంత గౌరవమైన వస్తువు అది. ఇంటికి కిలో బెల్లం అమ్మినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. రసం అమ్మినవాడి మీద కొన్నవాడి పాపం ఉంటుందా అని పూర్వ ఇమాములు కూడా చర్చించారు, అందులో అభిప్రాయభేదం ఉంది. కాని తినడానికి పనికిరాని నల్లబెల్లం బస్తాల కొద్దీ, దానితో పాటు పటిక, రాత్రిపూట, రసీదు లేకుండా కొనేవాడు పాయసం వండడానికి కొనడం లేదని దుకాణదారుకు తెలుసు. ఖాతాలో ‘పశువుల దాణా’ అని రాసుకున్నా, అల్లాహ్ సన్నిధిలో తెరుచుకునే ఖాతాలో ఆ పేరు ఉండదు.

ఇక నేను ఈరోజు ప్రధానంగా చెప్పదలచిన విషయానికి వస్తున్నాను.

పానీయానికి ఇన్ని ముద్దుపేర్లు పెట్టిన మనం, తాగిన మనిషికి ఏ పేర్లు పెట్టాం? తాగుబోతు. షరాబీ. ‘గుడుంబా ఫలానా’. ఆ మనిషికి తల్లిదండ్రులు అఖీఖా చేసి పెట్టిన పేరు ఉంది. అందులో అల్లాహ్ నామమో, ఒక ప్రవక్త నామమో ఉండి ఉంటుంది. దాన్ని వెనక్కి నెట్టి, నిషిద్ధ వస్తువు పేరును అతని నుదుట రాస్తున్నాం. పిల్లవాడు బడికి వెళ్తే గుడుంబావాడి కొడుకు. దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 11వ వాక్యంలో ఒకరినొకరు చెడ్డ మారుపేర్లతో పిలుచుకోవడాన్ని నిషేధించింది. మద్యాన్ని నిషేధించిన గ్రంథమే దీన్నీ నిషేధించింది. మొదటిది గుర్తున్నవారికి రెండవది ఎందుకు మరపునకు వచ్చింది?

దైవప్రవక్త (సఅసం) కాలంలో ఒక సహాబీ ఉండేవారు. ఆయన తన మాటలతో దైవప్రవక్తను నవ్వించేవారు. మద్యం తాగిన నేరానికి ఆయన పలుమార్లు శిక్ష పొందారు. ఒకసారి శిక్ష జరుగుతుండగా ఒక వ్యక్తి, ఎన్నిసార్లు పట్టుబడతాడో అంటూ ఆయన్ను శపించాడు. దైవప్రవక్త (సఅసం) వెంటనే వారించారు. అతణ్ణి శపించవద్దన్నారు. అతను అల్లాహ్‌నూ, ఆయన ప్రవక్తనూ ప్రేమించేవాడని సాక్ష్యమిచ్చారు. శిక్ష రద్దు కాలేదు, పాపం తేలిక కాలేదు. కాని మనిషికి ఆ పాపమే పేరుగా మారడానికి వారు అంగీకరించలేదు. బుఖారీలోని ఈ హదీసును మనం మింబర్ల మీద తక్కువగా చదువుతాం.

ఫిఖహ్ గ్రంథాలలో ఒక మస్అలా ఉంది. ద్రాక్షమద్యం సిర్కాగా మారిపోతే అది పరిశుద్ధమవుతుంది, హలాల్ అవుతుంది. అప్పుడు దాన్ని మద్యమని ఎవరూ అనరు. వస్తువు మారింది, కాబట్టి పేరూ మారింది. సిర్కాను మంచి వ్యంజనమని దైవప్రవక్త (సఅసం) మెచ్చుకున్నారు. నిన్న ఆ కుండలో ఏముండేదో తవ్వి తీయకుండా మనం దాన్ని అన్నంలో కలుపుకుంటాం.

మన మహల్లాలో ఒక మనిషి ఉన్నాడు. పేరు చెప్పను, ఊహించడానికి ప్రయత్నించవద్దు. ఆరేళ్లుగా ఆయన ఒక్క చుక్క ముట్టలేదు. అంతకుముందు ముట్టాడు, దాచవలసింది లేదు, ఊరందరికీ తెలుసు. ఇప్పుడు కష్టపడి పనిచేస్తాడు. ఫజ్ర్ నమాజుకు వస్తాడు, చివరి వరుసలో నిలబడతాడు, సలాం చెప్పగానే ఎవరూ పలకరించకముందే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతాడు. ఈ మధ్య ఆయన కూతురికి సంబంధం వచ్చింది. అబ్బాయి తరఫువారు మర్యాదస్తులు. అన్నీ కుదిరాక ఎవరినో విచారించారు. ఆ విచారణలో వారికి దొరికిన సమాధానం రెండే రెండు మాటలు, ‘గుడుంబా’ అనే మాటా, ఆయన పేరూ. సంబంధం వెనక్కి పోయింది. సమాధానం చెప్పినవారు అబద్ధం చెప్పామని అనుకోలేదు. పది సంవత్సరాల క్రితం అది నిజమే. పశ్చాత్తాపపడి పాపం నుండి మరలినవాడు పాపమే చేయనివానితో సమానమని దైవప్రవక్త (సఅసం) చెప్పిన మాట ఆ విచారణలో ఎవరి నోటా రాలేదు. ఆయన తౌబాను అల్లాహ్ అంగీకరించాడని మనం ఆశిస్తాం. మహల్లా మాత్రం ఇంకా అంగీకరించలేదు.

కుండలోని పులిసిన రసానికి మనం ఇచ్చిన న్యాయాన్ని ఈ మనిషికి ఇవ్వలేకపోయాం.

సోదరులారా, ఆ అబ్బాయి తండ్రి పొరుగూరి జుమాలో ఉంటారు. మన పెద్దలలో ఇద్దరు ఆయన్ను కలిసి, ఈరోజు తాము ఎరిగిన సంగతి ఈరోజు నాటిగా చెప్పి రావాలని నేను కమిటీని అడిగాను. వారు ఒప్పుకున్నారు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది.

ఇప్పటికీ ఆ అలవాటులో ఉన్నవారు మన వరుసలలోనే ఉండవచ్చు. వారితో ఒక మాట చెప్పి ముగిస్తాను. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరం ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణానికి ముప్పు కూడా. కాబట్టి మానాలని సంకల్పించుకున్న రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, వైద్యుడి పర్యవేక్షణలో మానండి. వెంట రావడానికి ఎవరూ లేకపోతే నేను వస్తాను. అసర్ తరువాత నా గది తలుపు తీసే ఉంటుంది. లోపలికి వచ్చినవారిని వారి తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే పిలుస్తాను.

అఖూలు ఖౌలీ హాజా, వ అస్తగ్‌ఫిరుల్లాహ లీ వ లకుమ్.